ప్రోటాన్ పదేపదే విదేశీ భాగస్వామిని ఎందుకు వెతుక్కుంది? మారుతికి ఒక్కరితోనే ఎలా సరిపోయింది?

మూడుసిలిండర్లు:

మలేసియా ప్రోటాన్, మన మారుతి ఇంచుమించు ఒకే ఈడువి. మారుతి ఉద్యోగ్ 1981 ఫిబ్రవరిలో ఏర్పడింది, ప్రోటాన్ 1983 మేలో. రెండూ ప్రభుత్వం పెట్టినవే, రెండూ మామూలు కుటుంబానికి అందే కారు చేస్తామన్నవే. ఇక్కడ సుజుకి, అక్కడ మిత్సుబిషి చెయ్యి పట్టుకుని నడిపించాయి. మారుతి 800 తొలి తాళాలు 1983 డిసెంబర్ 14న ఇచ్చారు. ప్రోటాన్ సాగా 1985 జూలై 9న వచ్చింది.

ఆ తర్వాత మారుతి సుజుకితోనే ఉండిపోయింది. ప్రోటాన్ మాత్రం మిత్సుబిషితో మొదలై, మధ్యలో సిట్రోయెన్ కారు ఒకటి, రెనో ఇంజిన్ ఒకటి, ఫోక్స్‌వాగన్‌తో రెండు దఫాలు చర్చలు, హోండా అకార్డ్, సుజుకి ఎర్టిగా, ఇలా తిరిగి 2017లో చైనా జీలీ దగ్గర ఆగింది. అప్పటికి సొంత ఇంజిన్ ఉంది, సొంత డిజైన్ విభాగం ఉంది, ఇంగ్లండ్‌లో లోటస్ ఉంది. ఇన్ని ఉండి కూడా ఎందుకు నిలబడలేకపోయింది?

నా సందేహాలు మూడు. సొంత ఇంజిన్ చేసుకోవడమే పొరపాటా? చౌక కారులో ధర నిజంగా ఎక్కడ తగ్గుతుంది? విదేశీ భాగస్వామితో రాసుకునే కాగితంలో ఏ షరతు కంపెనీని నిలబెడుతుంది, ఏది ముంచుతుంది? దేశాభిమానం గురించిన చర్చ చాలాచోట్ల దొరుకుతుంది. భాగాలు, అంకెలు తెలిసినవాళ్లు చెబితే బాగుంటుంది.

బోల్ట్‌నట్:

మొదట వాటాలు చూడండి. ప్రోటాన్‌లో 70 శాతం ప్రభుత్వ సంస్థ హైకామ్‌ది. మిగతా 30లో మిత్సుబిషి మోటార్స్‌ది 15, మిత్సుబిషి కార్పొరేషన్‌ది 15. అంటే సగం వాటా కార్లు చేసే కంపెనీది, సగం సరుకు అమ్మే వ్యాపార సంస్థది. మిత్సుబిషికి ప్రోటాన్ లాభంలో వచ్చే 30 శాతం కంటే కిట్ల (బిగించడానికి విడిగా పంపే కారు భాగాల సెట్ల) అమ్మకం మీద, యంత్రాల మీద, లైసెన్సు రుసుము మీద వచ్చే డబ్బు నమ్మకమైనది. కారు అమ్ముడుపోయినా పోకపోయినా కిట్ ఓడెక్కగానే దాని డబ్బు దానికి వచ్చేస్తుంది.

సుజుకి లెక్క వేరు. 1982 అక్టోబర్ ఒప్పందంలో 26 శాతం తీసుకుంది, 40 దాకా పెంచుకునే హక్కు రాయించుకుంది. 1987లో 40 చేసింది, 1992లో 50. జపాన్‌లో టొయోటా, నిస్సాన్‌ల పక్కన సుజుకి చిన్నది. భారత్‌లో ఓడిపోతే ఆ దెబ్బ తనకే తగులుతుంది. మిత్సుబిషికి మలేసియా ఎన్నో బజార్లలో ఒకటి. నా దృష్టిలో అసలు తేడా ఇక్కడే ఉంది. మిగతా కథంతా దీని వెనకాలే నడిచింది.

రెండోది యెన్. డాలర్ విలువ తగ్గించేందుకు పెద్ద దేశాలు చేసుకున్న 1985 సెప్టెంబర్ ప్లాజా ఒప్పందం నాటికి డాలర్‌కు 240 యెన్ల దగ్గర ఉన్న రేటు, 1987 ఆఖరుకు 120ల్లోకి వచ్చింది. ఆ ఒప్పందం నాటికి సాగా మార్కెట్లోకి వచ్చి మూడు నెలలైనా కాలేదు. కిట్ ధర యెన్లలో, అమ్మకం రింగిట్లలో. పైగా ఆ రెండేళ్లూ మలేసియాలో మాంద్యం, కార్ల బజారే కుంచించుకుపోయింది. షా ఆలం ప్లాంటు ఏడాదికి 80,000 కార్ల కోసం కట్టింది. అందులో పెద్ద భాగం ఖాళీగా ఉంది. 1988లో పగ్గాలు మిత్సుబిషి నుంచి వచ్చిన అధికారికి అప్పగించాల్సి వచ్చింది.

యెన్ దెబ్బ మారుతికీ తగిలింది. కానీ అక్కడ ఒకే ఇంజిన్, 796 సీసీ ఎఫ్8బి, 800లోనూ ఓమ్నీలోనూ వాడారు. 1986లో 800 బాడీ పూర్తిగా మార్చినప్పుడు కూడా ఇంజిన్ అదే. సిలిండర్ బ్లాక్ మెషినింగ్ లైన్ ఒక్కసారి పెడితే ఏళ్ల తరబడి అదే తిరిగింది. 800 తయారీ 2014 జనవరి దాకా సాగింది. ముప్పై ఏళ్లు! ఏ భాగానికైనా పెట్టిన ఖర్చు ఎప్పుడో వసూలైపోయింది.

న్యాయంగా చెప్పాలంటే ప్రోటాన్ తొలి పదిహేనేళ్లు తప్పు దారిలో లేదు. సాగా, ఇస్వారా, వీరా కార్లన్నిట్లోనూ ప్రధానంగా మిత్సుబిషి ఓరియన్ ఇంజిన్లే, 1.3 లీటర్ 4జీ13, 1.5 లీటర్ 4జీ15. 1993లో దేశంలో అమ్ముడైన కార్లలో 74 శాతం ప్రోటాన్‌వే. ఇతర కంపెనీలు కిట్ల మీద కట్టే దిగుమతి సుంకం దానికి లేదు. ఆ నీడలో సంపాదించిన డబ్బు ఎక్కడ పెట్టారన్నదే ప్రశ్న.

1996లో లోటస్‌లో 80 శాతం కొన్నారు. 2000లో వాజా, సొంతంగా గీసిన తొలి కారు. 2003 ఆఖరుకు తంజుంగ్ మాలిమ్‌లో రెండో ప్లాంటు. 2004లో సొంత ఇంజిన్ కాంప్రోతో జెన్-2. అదే ఏడాది డిసెంబర్‌లో ఇటలీ మోటార్‌సైకిల్ కంపెనీ ఎంవీ అగుస్టాలో 57 శాతం పైచిలుకు వాటా 7 కోట్ల యూరోలకు. దాన్ని ఏడాది తిరిగేసరికి ఒక్క యూరోకు వదిలించుకున్నారు. ఎనిమిదేళ్లలో ఇన్ని పనులు! వీటిలో ఏ ఒక్కటైనా సమర్థించవచ్చు. అన్నీ కలిపి మోయడానికి ఏడాదికి రెండు లక్షల చిల్లర కార్లు అమ్మే కంపెనీ చాలదు. సరిగ్గా అప్పుడే ఆసియాన్ స్వేచ్ఛా వాణిజ్యం కింద పొరుగు దేశాల కార్ల మీద సుంకం 2005లో 20 శాతానికి, 2006లో 5 శాతానికి దిగింది.

లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. కొత్త ప్లాట్‌ఫామ్ (కారు అడుగు నిర్మాణం), అచ్చులు, పరీక్షలు కలిపి 100 కోట్ల రింగిట్లు. మోడల్ ఆయుష్షు ఐదేళ్లు. ఏడాదికి 50,000 అమ్మితే కారుకు 4,000 రింగిట్లు పడుతుంది. రెండు లక్షలు అమ్మితే 1,000. 40,000 రింగిట్ల కారులో మొదటిది పదో వంతు. ఉక్కు, కూలీ, టైర్లు ఎంత గీసి గీసి బేరమాడినా ఆ 3,000 తేడా పూడ్చలేరు. చౌక కారు ధర తగ్గేది ఇక్కడే. మీ రెండో సందేహానికి నా జవాబు ఇంతే: ఒక ప్లాట్‌ఫామ్ మీద ఎన్ని బళ్లు, ఎన్నేళ్లు.

అచ్చులపని:

బోల్ట్‌నట్ గారు సంఖ్య దగ్గర సరిగ్గా పట్టుకున్నారు. దానికి ముందు ఇంకోటి ఉంది: ఆ అచ్చు, ఆ భాగం సరిగ్గా రావడం.

తలుపు బయటి రేకు ఒక్కటి తీసుకోండి. డ్రా (ఆకారం లాగడం), ట్రిమ్ (అంచు కొయ్యడం), పియర్స్ (కన్నాలు), ఫ్లాంజ్ (అంచు మడవడం), రీస్ట్రైక్ (మళ్లీ కొట్టడం), ఇలా నాలుగైదు దశలు. ఒక్కో దశకు ఒక్కో డై, అంటే ఉక్కు అచ్చు. కొత్త డై ప్రెస్ మీద ఎక్కించిన మొదటి రోజు మంచి రేకు రాదు. మూలల్లో చిరుగుతుంది, మధ్యలో ముడతలు, బయటికి తీశాక స్ప్రింగ్‌బ్యాక్‌తో వంపు విచ్చుకుంటుంది. అచ్చుకు నీలి రంగు పూసి, ఎక్కడ ఒత్తిడి పడుతోందో చూసి, రేకు జారుడును అదుపు చేసే గట్టు (డ్రా బీడ్) సరిచేసి, మళ్లీ కొట్టి చూడాలి. ఇది నెలల పని. మిత్సుబిషి లాన్సర్ ఫియోరే ఆధారంగా సాగా చేసినప్పుడు ఆ తంటా అంతా జపాన్‌లో అప్పటికే తీరిపోయింది. వాజాతో అది సొంత నెత్తిన పడింది. నేర్చుకోవడానికి ఇంతకు మించిన దారి లేదు, ఒప్పుకుంటాను. కానీ నేర్చుకునే ఖర్చు తొలి మోడల్ ధరలో కలపకూడదు. కలిపితే కొనేవాడు పక్క షోరూముకు పోతాడు.

ఇక పవర్ విండోలు, అంటే మీట నొక్కితే మోటార్‌తో ఎక్కి దిగే అద్దాలు. ప్రోటాన్ పేరెత్తితే మలేసియాలో ముందు వచ్చే మాట అదే. జనం మోటార్‌ను తిడతారు. నిజానికి అద్దం దిగడంలో నాలుగు భాగాలుంటాయి: అద్దం, దాన్ని పట్టుకునే రబ్బరు గాడి, దాన్ని ఎత్తి దించే రెగ్యులేటర్, తలుపు లోపలి చట్రం. నాలుగూ నలుగురు వెండర్ల దగ్గర్నుంచి వస్తే ఒక్కొక్కరి భాగం డ్రాయింగ్ టాలరెన్స్‌లోనే (కొలతలో ఒప్పుకున్న తేడాలోనే) ఉంటుంది. కానీ చట్రం అర మిల్లీమీటర్ లోపలికి, రబ్బరు కాస్త గట్టి, అద్దం పై హద్దు మందం, మూడూ ఒకే తలుపులో కలిస్తే అద్దం గాడిలో బిగుస్తుంది. ఎండకు రబ్బరు అంటుకుంటుంది. మోటార్ ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ లాగుడంతా కేబుల్ చివర ప్లాస్టిక్ గైడ్ మీద పడుతుంది. ముందు విరిగేది అదే. గైడ్ మార్చితే మళ్లీ విరుగుతుంది, ఎందుకంటే జబ్బు గాడిలో ఉంది. ఇలాంటి లోపానికి మందు ఒకటే: నాలుగు భాగాలకూ కలిపి బాధ్యత ఒక్క సప్లయర్‌కు ఇవ్వడం, లైన్ చివర ప్రతి తలుపులో అద్దం ఎక్కే సమయం, కరెంటు కొలవడం. సమయం పెరుగుతోందంటే గాడి బిగుస్తోందని పది రోజుల ముందే తెలిసిపోతుంది.

మారుతి ఈ చిక్కు దాటిన పద్ధతి చూడండి. భాగాలు చేసేవాళ్లు దేశంలో లేకపోతే, గుర్గావ్ చుట్టూ వాళ్లను తానే నిలబెట్టింది. అద్దాలకు అసాహి ఇండియా, సీట్లకు భారత్ సీట్స్, రేకులకు జయభారత్ మారుతి, బంపర్లకు మాచినో ప్లాస్టిక్స్, ఏసీలకు సుబ్రోస్, స్టీరింగుకు సోనా. కొన్నింటిలో తనే వాటా పెట్టింది. చాలావాటి వెనుక అదే భాగం జపాన్‌లో సుజుకికి ఇచ్చే కంపెనీయో, అలాంటి ఇంకొకటో ఉంది. అంటే సుజుకితో ఒక్క ఒప్పందం కాదు, దాని కింద డజను చిన్న ఒప్పందాలు. అసెంబ్లీ ప్లాంటు ఒప్పందం అందరికీ కనబడుతుంది. నాణ్యత వచ్చేది ఈ కింది కాగితాల వల్ల.

కాంప్రో సంగతి కూడా చెప్పేస్తాను. తొలి 1.6 లీటర్ కాంప్రో 16 వాల్వుల డీఓహెచ్‌సీ (వాల్వులు తెరిచే కామ్ షాఫ్టులు రెండుండే ఇంజిన్), 110 హార్స్‌పవర్, 148 న్యూటన్ మీటర్లు. అంకెలు బాగున్నాయి. కానీ వాల్వ్ టైమింగ్ మారదు, ఇన్‌టేక్ మానిఫోల్డ్ పొడవు మారదు. అందుకే మధ్య వేగంలో టార్క్ (లాగే శక్తి) గుంట పడింది. ఊళ్లో నడిపేవాళ్లు ఎక్కువగా ఉండేది ఆ వేగంలోనే. 2008లో పొడవు మారే ఇన్‌టేక్‌తో, కామ్ ప్రొఫైల్ మార్చే సీపీఎస్‌తో దాన్ని సరిచేశారు. చేతకాక ఆగిన పని కాదిది. నా అంచనా ప్రకారం ఆ రెండు భాగాలూ ముందే పెడితే ఖర్చు ఎక్కువని ఆపి, తర్వాత పెట్టారు. ఆలోగా ఇంజిన్‌కు చెడ్డపేరు వచ్చేసింది. చౌక కారులో ఎక్కడ కొయ్యాలో తెలియడం పెద్ద విద్య: ట్రిమ్‌లో కొయ్యవచ్చు, పెయింటు రంగుల సంఖ్యలో కొయ్యవచ్చు, వాల్వ్ ట్రెయిన్‌లో కొయ్యకూడదు.

మూడుసిలిండర్లు:

ఇద్దరికీ ధన్యవాదాలండి. అద్దం గాడి సంగతి ఎక్కడా చదవలేదు. ఒక చిన్న అనుమానం. కిట్‌లో ఒక భాగాన్ని స్థానికంగా చేసుకుంటే కిట్ ధర అంత తగ్గాలి కదా? మరి స్థానికీకరణ పెరిగిన కొద్దీ కారు ఎందుకు చౌక కాలేదు? ఒప్పందం షరతుల గురించి కూడా ఎవరైనా చెప్పండి.

కాయితంకలం:

అంత తగ్గదు. జాతీయ కార్ల ప్రాజెక్టులన్నీ తడబడే చోటు అదే.

కిట్ నుంచి ఒక భాగం తీసేస్తే అమ్మేవాడు తగ్గించే మొత్తాన్ని డిలీషన్ ధర అంటారు. ఉదాహరణకు స్టీరింగ్ చక్రం మీకు స్థానికంగా 100కు పడుతుంది. దాని బదులు కిట్‌లో తగ్గేది 60. మిగతా 40 మీ మీద. అమ్మేవాడి వాదనలోనూ నిజం ఉంది: ఆ చక్రం అతనికి లక్షల సంఖ్యలో పడే ఖర్చు 60యే, మీ ఒక్కరి కోసం కిట్ వేరుగా సర్దడం అదనం. కాబట్టి భాగం భాగంగా తీస్తూ పోతే ప్రతిసారీ కొంత నష్టం. ఒక మొత్తం వ్యవస్థను, అంటే సీట్లన్నీ, లేదా హార్నెస్ (వైర్ల కట్ట) మొత్తం, లేదా అద్దాలన్నీ ఒకేసారి తీస్తే ప్యాకింగు, తనిఖీ ఖర్చు కూడా తగ్గుతుంది, డిలీషన్ ధర నిజమైన ధరకు దగ్గరగా వస్తుంది. ఒప్పందంలో ముందే ప్రతి వ్యవస్థకూ ధరల పట్టిక జత చెయ్యాలి. సంతకం అయ్యాక అడిగితే ఎవరూ ఇవ్వరు.

కరెన్సీ. యెన్‌లో కిట్, యెన్‌లో రాయల్టీ అని రాసుకుంటే 1985 మళ్లీ వస్తుంది. మారుతి, సుజుకి మధ్య కొత్త మోడళ్లకు రాయల్టీని రూపాయల్లో లెక్కగట్టే ఏర్పాటు ఇగ్నిస్ కారు నుంచి మొదలైంది. అంటే అంత బలమున్న మారుతికే మూడు దశాబ్దాలు దాటింది. రాయల్టీ శాతం ఎంతన్నది అందరూ చూస్తారు, దేని మీద అన్నది చూడరు. అమ్మకం ధర మొత్తం మీదా? లేక దిగుమతి భాగాల ఖరీదు, బయట కొన్న మామూలు భాగాల ఖరీదు తీసేశాక మిగిలిన దాని మీదా? మొదటి పద్ధతిలో కిట్ కొన్నప్పుడు లాభం ఇచ్చిన భాగానికే మళ్లీ రాయల్టీ కట్టాల్సి వస్తుంది. మన ప్రభుత్వం చాలాకాలం ఆటోమేటిక్ పద్ధతిలో (ముందస్తు అనుమతి అక్కర్లేని పద్ధతిలో) దేశీయ అమ్మకాలకు 5 శాతం, ఎగుమతులకు 8 శాతం హద్దు పెట్టింది. 2009 డిసెంబర్‌లో ఆ హద్దు ఎత్తేశారు.

ఎగుమతి దేశాల జాబితా ఇంకో ఉచ్చు. భాగస్వామి తన కార్లు ఇప్పటికే అమ్ముతున్న దేశాలకు మీ కారును రానివ్వడు. మీకు మిగిలేవి కొనే శక్తి లేని దేశాలో, నిబంధనలు కఠినమైన దేశాలో. కాబట్టి సంతకానికి ముందే కనీసం ఎన్ని దేశాలు, ఏ మోడల్, ఎన్నేళ్లు అని రాయించుకోవాలి. మెరుగుదలల హక్కు కూడా అంతే. మీ ఇంజనీర్లు సస్పెన్షన్ సరిచేస్తే ఆ డ్రాయింగ్ ఎవరిది? లైసెన్సు గడువు అయ్యాక స్పేర్ పార్టులు చేసుకోవచ్చా? కారు పదిహేనేళ్లు తిరుగుతుంది, లైసెన్సు పదేళ్లే ఉంటుంది.

చివరది పగ్గాలు. సగం సగం వాటా పైకి సమానంగా కనబడుతుంది, గొడవ వస్తే తీర్పు చెప్పేవాడు ఉండడు. 1997లో మారుతి మేనేజింగ్ డైరెక్టర్‌గా ప్రభుత్వం ఆర్.ఎస్.ఎస్.ఎల్.ఎన్. భాస్కరుడు గారిని నియమిస్తే సుజుకి ఒప్పుకోలేదు. కోర్టు, అంతర్జాతీయ మధ్యవర్తిత్వం దాకా వెళ్లి 1998లో రాజీ కుదిరింది. మధ్యలో కొత్త మోడళ్లు, పెట్టుబడులు ఎటూ తేలకుండా వేలాడాయి. 2002లో ప్రభుత్వం నియంత్రణ వదులుకుంది, అందుకు ప్రీమియంగా 1,000 కోట్ల రూపాయలు తీసుకుంది, సుజుకి వాటా 54 శాతం దాటింది. 2003లో షేరు 125 రూపాయలకు జనానికి అమ్మారు. నాకు నచ్చే సంగతి ఇది: కంపెనీకి బలం ఉండగానే పగ్గాలకు ధర కట్టారు.

ప్రోటాన్‌లో ఇందుకు విరుద్ధంగా జరిగింది. ఫోక్స్‌వాగన్‌తో మాటలు 2006 జనవరిలో ఒకసారి, 2007 నవంబర్‌లో మరోసారి తెగాయి. పగ్గాలు వదలాలా వద్దా అన్న దగ్గరే ఆగింది. అప్పటికింకా ప్రోటాన్‌కు బేరమాడే బలం ఉంది. 2016లో ప్రభుత్వం 150 కోట్ల రింగిట్ల రుణం ఇస్తూ విదేశీ భాగస్వామిని తెచ్చుకోవాలని షరతు పెట్టింది. అప్పు తీసుకుని, గడువు నెత్తిన పెట్టుకుని కూర్చున్నవాడితో ఎదుటివాడు ఎలా మాట్లాడతాడో చెప్పక్కర్లేదు.

రవాంగ్‌గేటు:

అందరూ ప్రోటాన్, మారుతి అంటున్నారు. సరైన పోలిక అదే దేశంలో ఉంది: పెరొడువా. 1993లో పెట్టారు. ఇది కూడా జాతీయ కారే, దానికీ ప్రభుత్వ అండ ఉంది. 1994లో కంచిల్, 660 సీసీ, దైహత్సు మీరా ఆధారంగా. 2001లో తయారీ విభాగంలో 51 శాతం దైహత్సు, మిత్సుయిలకు ఇచ్చేశారు. అమ్మకాలు, బ్రాండు, డీలర్లు మలేసియా చేతిలో ఉంచుకున్నారు. 2005లో మైవీ వచ్చింది, దైహత్సు బూన్, టొయోటా పాసోల అన్నదమ్ముడు. 2006కల్లా పెరొడువా అమ్మకాల్లో ప్రోటాన్‌ను దాటింది, అప్పట్నుంచి మొదటి స్థానం వదల్లేదు.

ఫ్యాక్టరీ ఇచ్చి షోరూము ఉంచుకోవడం అందరికీ నచ్చదు. అయితే చూడండి, తయారీలో దైహత్సుకు, మిత్సుయికి కలిపి సగం పైన ఉంటే లోపం ఉన్న కారు బయటికి పోతే నష్టం దైహత్సుకూ తగులుతుంది. కాబట్టి మనుషుల్ని, పద్ధతుల్ని దాచుకోకుండా పంపుతుంది. మిత్సుబిషికి ఆ అవసరం లేదు. సొంత ఇంజిన్ పొరపాటా అన్న మొదటి సందేహానికి నా మాట: ఇంజిన్ చేయడం పొరపాటు కాదు, దాన్ని ఇంకెవరికీ అమ్మకుండా ఒక్క కంపెనీ బళ్లలోనే వాడాలనుకోవడం పొరపాటు. పెరొడువా కూడా మలేసియాలోనే ఇంజిన్లు చేస్తుంది. డిజైన్ ఖర్చును మాత్రం దైహత్సు, టొయోటాల బళ్లు కూడా మోస్తాయి.

బోల్ట్‌నట్:

రవాంగ్‌గేటు గారి మాట ఒప్పుకుంటున్నాను, పెరొడువాను నేను మొదట్లోనే చెప్పాల్సింది. ఒక్కటి మాత్రం కలుపుతాను. తయారీ అప్పగించిన కంపెనీకి ఏ కారు చెయ్యాలో తానే నిర్ణయించుకునే వీలుండదు. దైహత్సు దగ్గర లేని కారు పెరొడువాకు రావడం కష్టం. ఆ ధర కట్టడానికి సిద్ధమైతే సరే.

జీలీ ఒప్పందం ఎలా అల్లారో కాయితంకలం గారు చెబుతారేమో అనుకున్నా. 2017లో 49.9 శాతానికి జీలీ ఇచ్చింది 46.03 కోట్ల రింగిట్లు. అందులో నగదు 17.03 కోట్లే. మిగతా 29 కోట్లు జీలీ కారైన బొయూ ఎస్‌యూవీ ప్లాట్‌ఫామ్ విలువగా లెక్కగట్టారు. చాలామంది దీన్ని తిట్టారు. నాకు మాత్రం అది మంచి షరతు అనిపిస్తుంది. జీలీ పెట్టుబడిలో పెద్ద భాగం ఒక కారు రూపంలో ఉంది. ఆ కారు మలేసియాలో పోకపోతే తను పెట్టినదే పోతుంది.

ఆ కారే ఎక్స్70, 2018 డిసెంబర్‌లో వచ్చింది. మొదట చైనా నుంచి పూర్తిగా తయారై వచ్చేది, 2020 నుంచి తంజుంగ్ మాలిమ్‌లో కడుతున్నారు. మధ్యలో ఆరు గేర్ల ఆటోమేటిక్ తీసి, ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ పెట్టారు. 2019లో ప్రోటాన్ అమ్మకాలు లక్ష దాటి రెండో స్థానానికి వచ్చింది. తర్వాత 2020లో ఎక్స్50, 2023లో ఎస్70, 2024 డిసెంబర్‌లో విద్యుత్ కారు ఇ.మాస్ 7, అన్నీ జీలీ వంశమే.

మూడుసిలిండర్లు:

అయితే ప్రోటాన్ ఇంజనీర్లకు ఇప్పుడు మిగిలిన పని ఏమిటి? బిళ్ల మార్చడమేనా? ఇంకోటి, ఇన్ని జీలీ కార్ల మధ్య పాత సాగాను అంత చౌకగా ఎలా అమ్మగలిగారు?

అచ్చులపని:

బిళ్ల మార్చడం కాదండి. జీలీ కార్లు స్టీరింగ్ ఎడమ వైపు ఉండేలా పుట్టినవి, మలేసియాకు కుడి వైపు కావాలి. పైకి చిన్న మార్పులా ఉంటుంది. ఇంజిన్ గదికి, మనుషులు కూర్చునే గదికి మధ్య ఉండే గోడ రేకులో కన్నాలు మారతాయి, అంటే కొత్త డై. స్టీరింగ్ ర్యాక్, కాలమ్ మారతాయి. బ్రేక్ బూస్టర్ కుడి వైపుకు రావాలి. అక్కడ అప్పటికే బ్యాటరీయో, టర్బో పైపో ఉంటే దానికి కొత్త చోటు వెతకాలి. పెడళ్లు, డ్యాష్‌బోర్డు అచ్చు, ఏసీ గాలి పెట్టె, హార్నెస్ పొడవులు, వైపర్ లింకేజీ అన్నీ తిరగబడతాయి. వైపర్ మరిచిపోతే డ్రైవర్ ముందు అద్దం మీద తుడవని మూల మిగిలిపోతుంది. ఆ తర్వాత క్రాష్ పరీక్ష మళ్లీ మొదటి నుంచి, ఎందుకంటే కాలమ్ వెనక్కి తోసుకొచ్చే దారి మారింది. ఈ పని ప్రోటాన్ చేస్తే అదే కారును కుడి వైపు స్టీరింగ్ ఉన్న ఇతర దేశాలకూ పంపవచ్చు. జీలీకి ప్రోటాన్ అవసరం ఉన్నది అక్కడ. ఆ డ్రాయింగుల హక్కు కాగితంలో తన పేరు మీద ఉందా లేదా అన్నదే ప్రోటాన్ బలాన్ని తేలుస్తుంది.

సాగా కిటుకు తేలిక. ఆ సాగా 2016లో వచ్చినది, దాని అడుగు 2008 సాగా నుంచి వచ్చింది, దానికి మూలం సావీ అనే చిన్న కారు ప్లాట్‌ఫామ్. అచ్చుల ఖర్చు ఏనాడో వసూలైపోయింది. ఇంజిన్ సొంతదే, వాల్వ్ టైమింగ్ మారే 1.3 లీటర్ వీవీటీ. 2019లో సీవీటీ (గేర్ల మెట్లు లేని, బెల్టుతో నడిచే) గేర్‌బాక్స్ తీసేసి, బయటి నుంచి కొన్న హ్యుందాయ్ నాలుగు గేర్ల ఆటోమేటిక్ పెట్టారు. కాగితం మీద సీవీటీయే కొత్తది. అయితే సీవీటీలో బెల్టు, పుల్లీల మధ్య జారుడు, ద్రవం నాణ్యత, వేడి, ఏది తప్పినా మొత్తం గేర్‌బాక్సే దించాలి. నాలుగు గేర్ల టార్క్ కన్వర్టర్ పెట్టె మొరటుదే, ఇంధనం కాస్త ఎక్కువ తాగుతుంది. కానీ దాన్ని బాగుచేయగల మెకానిక్ ఎక్కడైనా దొరుకుతాడు. ఆ ఏడాది మాన్యువల్ సాగా ధర 32,800 రింగిట్ల దగ్గర మొదలైంది.

ప్లాట్‌ఫామ్ ఇలా పాతబడే కొద్దీ లాభం పెరుగుతుంది, ఒక గీత దాకా. క్రాష్ నిబంధన మారి, కారు ముందు భాగంలో దెబ్బను తట్టుకునే పట్టాలకు గట్టి ఉక్కు పెట్టాల్సి వస్తే, స్పాట్ వెల్డింగ్ కరెంటు, ఎలక్ట్రోడు ఒత్తిడి అన్నీ మళ్లీ సెట్ చేసుకోవాలి, డైలు గట్టి ఉక్కుకు అరిగిపోతాయి. అప్పుడు పాత అడుగుకు అతుకులు వేయడమా, జీలీ చిన్న ప్లాట్‌ఫామ్‌కు మారడమా అని తేల్చుకోవాలి. మారేటట్టయితే వెండర్లకు కనీసం మూడేళ్ల ముందు చెప్పాలి. వాళ్ల దగ్గరున్న అచ్చులూ జిగ్గులూ (భాగాన్ని సరైన చోట పట్టి ఉంచే బిగింపులు) పాత అడుగు కొలతలవే. వాటిలో ఏవి ఎన్ని లక్షల దెబ్బలు కొట్టాయో లెక్క తీసి, అరిగిపోయినవాటి వెండర్లకే ముందు కొత్త కొలతల ఆర్డరు ఇస్తే అచ్చు డబ్బు రెండుసార్లు పోదు.